ఎనిమిదో తరగతి తర్వాత ఆ పిల్ల ఎక్కడికి పోతోంది?

తిరుపతి జిల్లా శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్ళూరుపేట వైపు ఊళ్ళలో యానాది అనే గిరిజన తెగకు చెందిన పదహారేళ్ళ పిల్ల కడుపుతో కనిపిస్తే వినపడే మాట ఒకటుంది. "వాళ్ళల్లో అంతే లేమ్మా, చిన్నప్పుడే చేసుకుంటారు." పక్క వీధి రైతు అంటాడు, బడిలో అయ్యవారు అంటారు, ఒక్కోసారి ఆస్పత్రి వరండాలో కూడా వినపడుతుంది. అనేవాళ్ళకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ మాట దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ఆచారం అనేశాక ఇంక కారణం వెతికే పని ఉండదు కదా.

చిన్న వయసు గర్భాలకు గిరిజన ఆచారం ఒక్కటే కారణమైతే, ముందు మన రాష్ట్రం లెక్కే అర్థం కాదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం సగటు 23.3. సర్వే నాటికి 15 నుంచి 19 ఏళ్ళ వయసులో ఉండి అప్పటికే తల్లులైనవాళ్ళు, గర్భవతులుగా ఉన్నవాళ్ళు మన రాష్ట్రంలో 12.6 శాతం. దేశంలో 6.8. అంతకు ముందు సర్వేలో మన అంకె 11.8, దేశం అంకె 7.9. దేశం తగ్గుతుంటే మనం పెరిగాం. ఈ రాష్ట్రంలో గిరిజనులు జనాభాలో చిన్న భాగం. అంటే ఈ సమస్య అన్ని కులాల ఇళ్ళలోనూ ఉంది. గిరిజన కాలనీల్లో ఇంకాస్త ముదిరి, అందరికీ కనపడేలా ఉంది.

ఇదే సర్వేలో మరో అంకె చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు 1.7 మంది మాత్రమే. జనాభా నిలకడగా ఉండటానికి కావలసిన 2.1 కంటే ఇది తక్కువ. ఇంత తక్కువ మంది పిల్లల్ని కనే రాష్ట్రంలో ఇంతమంది బాలికలు తల్లులెలా అవుతున్నారు? జవాబు ఆపరేషన్‌లో ఉంది. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళే. మాత్రలు, కాపర్‌ టీ, ఇంజెక్షన్, నిరోధ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం దాటవు. త్వరగా పెళ్ళి, వెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్. మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఇదే అయిపోయింది. కాన్పుకూ కాన్పుకూ ఎడం, మొదటి కాన్పును కొన్నేళ్ళు ఆపుకోవడం అనే మాటలు ఇందులో ఎక్కడా లేవు. కాబట్టి యానాది కాలనీలో పదిహేడేళ్ళ పిల్ల బిడ్డనెత్తుకుంటే ఆమె మన రాష్ట్రం పద్ధతికి బయట ఏమీ లేదు. అదే పద్ధతిని ఇంకో రెండేళ్ళు ముందుగా, ఇంకా తక్కువ తిండితో, ఇంకా తక్కువ రక్తంతో మోస్తోంది.

అంకెల గురించి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 15-19 అన్న లెక్కలో చట్టప్రకారం పెళ్ళాడిన పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళవాళ్ళూ ఉంటారు. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ లెక్కలోకే రాదు. ఎస్టీలందరినీ ఒకే గడిలో వేస్తారు కాబట్టి అరకు లోయలోని కుటుంబం, పులికాట్ ఒడ్డు కుటుంబం కలిసిపోతాయి. అంకె దారి చూపిస్తుంది. ఆ తర్వాత మనిషి దగ్గరికి మనమే నడవాలి.

కొండల్లో లేని గిరిజనులు

గిరిజనులనగానే మనకు మన్యం గుర్తొస్తుంది. అల్లూరి జిల్లా, పార్వతీపురం కొండలు, ఏజెన్సీ చట్టాలు. తిరుపతి, చిత్తూరు జిల్లాలు రాజ్యాంగం గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. ఇక్కడి యానాదులు, ఎరుకలవాళ్ళు, సుగాలీలు మైదానంలో, ఊరి అంచున ఉంటారు. సుగాలీలకు తండా ఉంటుంది, తండాకు ఒక పెద్ద, కాస్త పొలం ఉంటాయి. ఎరుకల కుటుంబాలు చాలావరకు ఊళ్ళలో, పట్నాల్లో కలిసిపోయాయి. యానాదులకు చాలాచోట్ల ఉండేది చెరువు కట్ట పక్కనో, కాలువ గట్టునో ఓ ఇరవై ముప్ఫై గుడిసెలు. నేల పోరంబోకు. పట్టా ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు 2011 జనాభా లెక్కల ప్రకారం అయిదు లక్షల పైచిలుకు. రాష్ట్రంలోని పెద్ద గిరిజన తెగల్లో ఒకటి. శ్రీహరికోట ద్వీపం వాళ్ళ పాత చోటు. అక్కడి అడవిలో దుంపలు, తేనె, మూలికలు, పులికాట్‌లో చేపలు వాళ్ళ బతుకు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరేనాటికి వాళ్ళు ద్వీపంలోంచి కదలడం మొదలైంది. మందు ఆకులు గుర్తుపట్టే జ్ఞానానికి బయట కూలి గిట్టలేదు. పొలాల్లో ఎలుకలు పట్టడం, మామిడి తోటలకు కాపలా, చిల్లచెట్లు కొట్టి బొగ్గులు కాల్చడం, చేపల చెరువుల్లో పని, బాతులు మేపడం, ఇటుక బట్టీలు. ఇవీ దొరికిన పనులు. ఏ పనికైనా ముందు అడ్వాన్సు తీసుకుంటారు. ఆ అడ్వాన్సు తీరదు. 2025 మేలో సత్యవేడు వైపు ఒక యానాది కుటుంబం బాతుల మేపు దగ్గర అప్పు కింద చిక్కుకుని, తాకట్టుగా వదిలిన కొడుకును పోగొట్టుకుంది. బాబు చనిపోతే యజమాని తమిళనాడులో రహస్యంగా పూడ్చేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. పిల్లల్నే అప్పుకు హామీగా పెట్టాల్సి వచ్చే బతుకులో ఆడపిల్ల వయసు గురించి మాట్లాడుతున్నామని గుర్తుంచుకోవాలి.

ఎస్టీలకు గురుకులాలున్నాయి, నెల్లూరు కేంద్రంగా యానాదుల కోసమే ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. అయినా ఇరవై గుడిసెలున్న చోటుకి పథకం చేరడం కష్టం. మన్యంలో ఒక మండలమంతా గిరిజనులే ఉంటే అధికారికి పని కనపడుతుంది. ఇక్కడ అయిదు వేల జనమున్న పంచాయతీలో ఎనభై మంది యానాదులు ఎవరి లెక్కలోనూ ముందుకు రారు.

ముందు ఏం జరుగుతుంది, వెనక ఏం జరుగుతుంది

బడి మానేసిన పిల్లల్లో చిన్న వయసు గర్భాలు ఎక్కువ. దేశం మొత్తం మీద బడి మొహం చూడని అమ్మాయిలు పన్నెండేళ్ళు చదివినవాళ్ళకంటే నాలుగు రెట్లు పైగా టీనేజ్‌లో తల్లులవుతున్నారని ఆ సర్వేలే చెబుతున్నాయి. దీన్ని చాలామంది తిరగేసి చదువుతారు. పెళ్ళి చేస్తున్నారు కాబట్టి చదువు మాన్పిస్తున్నారు అని. కొన్ని ఇళ్ళలో నిజంగా అలాగే జరుగుతుంది, ముఖ్యంగా కట్నం, సంబంధం, ముహూర్తం అని పెద్దలు కూర్చుని కుదిర్చే కులాల్లో. పదో తరగతిలో ఉన్న పిల్లకు మంచి సంబంధం వచ్చిందని చదువు ఆపేస్తారు.

గిరిజన కాలనీల్లో వరస వేరు. అక్కడ బడి ముందు పోతుంది, పెళ్ళి మాట ఎప్పటికో వస్తుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల ఉంటుంది. హైస్కూలు నాలుగైదు కిలోమీటర్ల అవతల మండల కేంద్రంలో ఉంటుంది. సంక్రాంతి దాటాక అమ్మానాన్నలు తిరువళ్ళూరు, చెంగల్పట్టు వైపు ఇటుక బట్టీలకు కదులుతారు. పదమూడేళ్ళ పిల్లను గుడిసెలో ఒంటరిగా వదిలిపోలేరు, తీసుకుపోతారు. అక్కడ తమ్ముణ్ణి ఎత్తుకోవడం, వంట చేయడం, తడి ఇటుక తిప్పడం ఆమె పని. వానలకు బట్టీ మూసి తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఒక ఏడాది ఇలా జరిగితే పంతులమ్మ తిట్టి కూర్చోబెడుతుంది. రెండో ఏడాది పిల్లకే సిగ్గేస్తుంది, తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చోవాలి. మూడో ఏడాది ఆ పేరు రిజిస్టర్‌లో ఉండదు.

బడి పోయాక ఆ పిల్లకు ఏముంటుంది? పెద్దమనిషై ఏడాదో రెండేళ్ళో అయి ఉంటుంది. గుడిసెకు తలుపు ఉండదు, ఉన్నా గడియ పడదు. మరుగుదొడ్డి లేదు. పొద్దున అమ్మ కూలికి పోతే సాయంత్రం దాకా రాదు. తోటలో, బట్టీలో తిరిగే మగవాళ్ళ చూపు ఆ తల్లికి తెలుసు. "ఒకని చేతిలో పెడితే ఇంగ నాకు భయముండదు కదక్కా" అని చెప్పే తల్లి మాటలో నాకు ఆచారం కనపడదు. చుట్టూ వేరే కాపు ఏదీ లేని మనిషి చేసే ఏర్పాటు కనపడుతుంది. ఆ ఏర్పాటు పిల్లకు నష్టమే. కానీ ఆ తల్లి దగ్గర ఇంకో ఏర్పాటు లేదు.

చాలాసార్లు తల్లి దాకా కూడా రాదు. యానాదుల్లో ఆడపిల్ల ఇష్టానికి పాత కాలం నుంచీ చోటుంది. నచ్చినవాడితో కలిసి వెళ్ళిపోయి కొన్నాళ్ళకు తిరిగొస్తే పెద్దలు ఒప్పుకుంటారు. పొసగకపోతే విడిపోవచ్చు, వితంతువు మళ్ళీ చేసుకోవచ్చు. కట్నం పెద్దగా లేదు. మన మిగతా సమాజం గర్వంగా చెప్పుకోలేని స్వేచ్ఛ ఇది. ఇబ్బంది ఎక్కడంటే, ఈ స్వేచ్ఛ పదిహేనేళ్ళ పిల్ల చేతిలో పడినప్పుడు ఆమెకు ఇంకే స్వేచ్ఛా అందుబాటులో లేకపోవడం. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, పట్నం పోవచ్చు అన్న దారులన్నీ మూసి ఉంటే, పెద్దదాన్నయ్యాను అని చెప్పుకోవడానికి మిగిలేది ఒకే దారి. బట్టీలో పక్క గుడిసె కుర్రాడు ప్రేమగా మాట్లాడతాడు, సెల్‌ఫోన్ ఉంటుంది. ఒకరోజు ఇద్దరూ కనపడరు. నెల తప్పాక తిరిగొస్తారు.

దీనివల్లే బాల్యవివాహాల మీద మన పోరాటం ఇక్కడ గురి తప్పుతోంది. మనకు తెలిసింది పెళ్ళి ఆపడం. ఎవరో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తారు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, మహిళా పోలీసు, తహసీల్దార్ కల్యాణ మండపానికి వస్తారు, తల్లిదండ్రుల చేత కాగితం రాయించుకుంటారు. శుభలేఖ, షామియానా, మేళం ఉన్న పెళ్ళికి ఇది పనిచేస్తుంది. శుభలేఖే లేని చోట ఆపడానికి ఏముంది? గర్భం మూడో నెలో నాలుగో నెలో వచ్చాక గాని సంగతి బయటికి తెలియదు.

ఇంకో నిజం కూడా గట్టిగా చెప్పాలి. ప్రతి గర్భమూ ప్రేమ వల్ల వచ్చింది కాదు. బట్టీ మేస్త్రీ, తోట యజమాని, ఊరి పెద్ద కులం కుర్రాడు, ఒక్కోసారి దగ్గరి బంధువు బలవంతం చేసిన పిల్లలూ ఉన్నారు. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం అడ్వాన్సు ఇచ్చినవాడి మీద పోలీస్ స్టేషన్‌కు ఎలా పోతుంది? "వాళ్ళల్లో అంతే లేమ్మా" అన్న మాట ఎక్కువ అన్యాయం చేసేది ఇక్కడే. జరిగిన నేరాన్ని ఆచారం కింద కలిపేస్తుంది.

పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఖాళీ

ఎనిమిదో తరగతి ఆపేసిన పిల్లకు పద్దెనిమిది నిండే దాకా ప్రభుత్వం దగ్గర ఏముందో వెతికి చూశాను. కేంద్రం నడిపే కిశోర బాలికల పోషకాహార పథకం ఇప్పుడు 14-18 ఏళ్ళవాళ్ళకు వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన ఆకాంక్ష జిల్లాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రమే అందుతుంది. మన రాష్ట్రం నుంచి ఆ జాబితాలోకి విశాఖపట్నం, విజయనగరం, కడప వెళ్ళాయి. తిరుపతి, చిత్తూరు లేవు. బడిలో ఉంటే వారానికో ఐరన్ మాత్ర టీచర్ ఇస్తుంది. బడి మానేసిన పిల్లకు ఆ మాత్ర అంగన్‌వాడీలో ఇవ్వాలని రాసి ఉంది, కానీ పిల్ల బట్టీలో ఉంటుంది. ఆశా కార్యకర్త దగ్గర ఉండే రిజిస్టర్ పేరే అర్హులైన దంపతుల రిజిస్టర్. పెళ్ళయిన ఆడవాళ్ళ పేర్లే అందులో ఉంటాయి. పెళ్ళి కాని పిల్లకు శరీరం గురించి, గర్భం ఎలా వస్తుందన్న దాని గురించి, రాకుండా ఏం చేయాలన్న దాని గురించి చెప్పే మనిషి ఆ కాలనీకి రాదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద పెద్ద ఆస్పత్రుల్లో యువతకు సలహా గదులు ఉన్నాయి. అక్కడిదాకా పోవాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలి, అన్నిటికంటే ముందు అలాంటి గది ఉందన్న సంగతి తెలియడం కావాలి.

పనిమాట కూడా ఇంతే. సత్యవేడు పక్కనే శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఉంది. సెల్‌ఫోన్, ఎలక్ట్రానిక్ కంపెనీల్లో వేలమంది ఆడపిల్లలు యూనిఫాం వేసుకుని కంపెనీ బస్సెక్కి పోతుంటారు. తడ రోడ్డు మీద పొద్దున నిలబడితే ఆ బస్సుల వరస చూడొచ్చు. ఆ ఉద్యోగం కోసం పెళ్ళిని వాయిదా వేసుకున్న అమ్మాయిలు ఈ చుట్టుపక్కల ఎంతోమంది. కానీ దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి, పదో తరగతి సర్టిఫికెట్ ఉండాలి, ఆధార్ ఉండాలి. పదమూడేళ్ళకే బడి వదిలిన పిల్లకు ఆ బస్సు కళ్ళ ముందు నుంచే పోతుంది, ఎక్కడానికి లేదు. 2022 అక్టోబరు నుంచి అమలైన కల్యాణమస్తులోనూ ఎస్టీ వధువుకు లక్ష రూపాయలు ఇస్తామంటూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టారు. చదివిస్తే లాభం అని తల్లిదండ్రులకు చెప్పే ఉద్దేశం మంచిదే. ఎనిమిదిలోనే ఆగిపోయిన పిల్ల ఇంట్లో మాత్రం పద్దెనిమిది దాకా ఆగడానికి ఆ లక్ష కారణం కాలేకపోయింది.

వయసు కాగితం గురించి ఒక మాట. గుడిసెలో పుట్టిన బిడ్డకు పుట్టిన తేదీ నమోదు కాకపోతే, ఏడాది దాటాక నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. చదువు రాని మనిషి సచివాలయానికి, తహసీల్దార్ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరుగుతాడు? అందుకని చాలామంది పిల్లల వయసు అంచనాగా పడుతుంది. బడిలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. రేపు ఈ పిల్ల మైనరా కాదా అన్న ప్రశ్న వస్తే బాలల న్యాయ చట్టం ముందు బడి సర్టిఫికెట్ అడుగుతుంది, అది లేకపోతే జనన ధ్రువీకరణ పత్రం, రెండూ లేకపోతే ఎముకల పరీక్ష. బడీ లేక, జనన పత్రమూ లేక చివరికి ఎక్స్‌రే గది దాకా పోయేది ఈ కాలనీల పిల్లలే.

భయంతో ఏడో నెల దాకా

ఇప్పుడు అసలు చిక్కు. ఒకే పిల్ల మీద మూడు చట్టాలు మూడు రకాలుగా మాట్లాడతాయి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం మైనర్ పెళ్ళి చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కానీ ఆ పెళ్ళి దానంతట అదే రద్దు కాదు. మైనర్‌గా ఉన్నవారు కోరితేనే, మేజర్ అయిన రెండేళ్ళలోపు కోర్టుకు వెళ్తేనే రద్దవుతుంది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం మాత్రం పద్దెనిమిది లోపు పిల్ల ఇష్టాన్ని ఇష్టంగానే లెక్కించదు, ఆమెతో లైంగిక సంబంధం నేరమే. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు, భార్య అయినా సరే పద్దెనిమిది లోపైతే అత్యాచారమే అని తీర్పునిచ్చింది. భారతీయ న్యాయ సంహితలోనూ ఇప్పుడు అదే ఉంది. పైగా పోక్సో కింద ఈ సంగతి తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరు, నర్సు, ఏఎన్ఎం ఎవరైనా సరే. చెప్పకపోతే వాళ్ళకే శిక్ష.

పదహారేళ్ళ గర్భవతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెట్లెక్కడమంటే పంతొమ్మిదేళ్ళ తన మొగుణ్ణి జైలుకు పంపడమే. వాడి కూలే ఇంటికి తిండి. కేసు పెడితే తనను ఏ హోమ్‌కో పంపిస్తారన్న భయం. అందుకని రారు. వస్తే పంతొమ్మిదేళ్ళని చెబుతారు. ఆ అబద్ధం ఆస్పత్రి రికార్డులో నిజమై కూర్చుంటుంది. పదహారేళ్ళ శరీరానికి అందాల్సిన ప్రత్యేక జాగ్రత్త పంతొమ్మిదేళ్ళ కాగితానికి అందదు. ఇంకొందరు ఏడో నెల, ఎనిమిదో నెల దాకా కనపడకుండా ఉండి, నొప్పులొచ్చాక 108కి ఫోన్ చేస్తారు.

ఈ ఆలస్యం ఖరీదైనది. పదహారేళ్ళకు కటి ఎముకల ఎదుగుదల పూర్తికాదు. తల్లి శరీరం ఇంకా ఎదగాలి, కడుపులో బిడ్డా ఎదగాలి, తిండి ఒక్కటే. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి, ఏడు కంటే తగ్గితే ప్రాణం మీదికి వస్తుంది. చిన్న వయసు తల్లుల్లో బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) రావడం, కాన్పు తర్వాత ఇన్‌ఫెక్షన్లు, నెలలు నిండకముందే కాన్పు, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువు బిడ్డలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. గుర్రపువాతం ముందే పట్టుకోవడానికి కావలసింది నెలకోసారి బీపీ చూడటం, మూత్రంలో ప్రోటీన్ చూడటం. పీహెచ్‌సీలో అయ్యే పని. భయం లేకుండా పిల్ల అక్కడికి రాగలగాలి, అంతే.

గర్భం వద్దనుకున్న పిల్లకూ ఇదే గోడ. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ తర్వాత ఇరవై వారాల దాకా ఒక డాక్టరు, మైనర్లతో సహా కొందరికి ఇరవై నాలుగు వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు. మైనర్‌కు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన ఒక ముఖ్యమైన సంగతి చాలా ఆస్పత్రుల గోడల మీద కూడా కనపడదు. పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనక్కరలేదు. ఈ ఒక్క వాక్యం తెలుగులో, పెద్దక్షరాల్లో, ప్రతి ఏఎన్ఎం చేతిలో ఉండాలి.

పోక్సో తీసేయాలని నేను అనడం లేదు. బట్టీ మేస్త్రీకి భయం పుట్టించే చట్టం అది. కానీ అరెస్టుతోనే గర్భాలు తగ్గుతాయనుకుంటే అస్సాం చూడాలి. 2023 ఫిబ్రవరిలో అక్కడ బాల్యవివాహాల పేరిట వేలమందిని అరెస్టు చేస్తే, గర్భంతో ఉన్న పిల్లలు ఆస్పత్రికి రావడానికే భయపడ్డారని వార్తలొచ్చాయి. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు బాల్యవివాహాల మీద ఇచ్చిన తీర్పులో శిక్ష కంటే నివారణ, రక్షణ ముందు రావాలని చెప్పింది. 2025 మేలో మరో కేసులో, నేరం రుజువైనా భర్తకు శిక్ష వేయలేదు. ఆ అమ్మాయిని జరిగిన నేరం కంటే ఆ తర్వాతి కోర్టులు, పోలీసులు, ఖర్చులు ఎక్కువ బాధపెట్టాయని గుర్తించింది.

ఆచారం అన్న మాటకు ఇంకో పరీక్ష ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో, కెనడాలోని ఇన్యూట్లలో, గ్వాటెమాలాలోని మాయా జనంలో కూడా చిన్న వయసు కాన్పులు ఆ దేశాల మిగతా జనం కంటే ఎక్కువ. వాళ్ళ పెళ్ళి పద్ధతులకూ మన యానాదుల పద్ధతులకూ పోలికే లేదు. పోలిక ఉన్నది వేరే చోట. నేల పోయింది. బడి వాళ్ళ భాషలో, వాళ్ళ కాలానికి తగినట్టు లేదు. ఆస్పత్రి దూరం, అక్కడ మాట కఠినం. ఆచారాలు అన్ని రకాలుగా ఉండి ఫలితం ఒకేలా ఉంటే, కారణం ఆచారంలో వెతకడం కంటే ఆ ఒకేలా ఉన్నవాటిలో వెతకడం న్యాయం. ఆచారానికి అసలు పాత్రే లేదనను. పెద్దమనిషైన పిల్ల పెళ్ళీడుకొచ్చినట్టే అన్న నమ్మకం ఉంది, అది మారాలి. సుగాలి తండాల్లో చదువుకున్న ఆడపిల్లలు పెరిగిన చోట అది మారుతోంది కూడా. ఎవరూ ఉపన్యాసం ఇచ్చి మార్చింది కాదు. పిల్లకు వేరే దారి కనపడ్డాక ఇంట్లోవాళ్ళే ఆగారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన సూచనల్లో ముందున్నది అమ్మాయిల్ని సెకండరీ విద్య పూర్తయ్యేదాకా బడిలో నిలపడం. మన జిల్లాల్లో దాన్ని ఎలా చేయాలన్నది పెద్ద రహస్యం కాదు. వలస పోయేవాళ్ళ పిల్లలకు సీజనల్ హాస్టల్ పెట్టే వీలు సమగ్ర శిక్ష అనే బడుల పథకంలో ఉంది. ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి కస్తూర్బా విద్యాలయాలున్నాయి. వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలనీ చెబుతోంది. చిక్కంతా తేదీల్లో ఉంది. హాస్టల్ సీట్లు జూన్‌లో నింపుతారు. యానాది తల్లికి పిల్లను వదిలే చోటు కావలసింది సంక్రాంతి పోయిన వారంలో, బట్టీకి లారీ వచ్చే రోజున. ఆ రోజు ఊళ్ళో హాస్టల్ తలుపు తెరిచి ఉంటే పిల్ల లారీ ఎక్కదు. జూన్‌లో లారీ తిరిగొచ్చేసరికి కొత్త రిజిస్టర్ రాయడం అయిపోతుంది. అందులో తొమ్మిదో తరగతి పేజీలో ఆ పేరు రాయాలా వద్దా అని అడగడానికి ఎవరో ఒకరు ఆ వారంలోనే చెరువు కట్ట దాకా నడిచి వెళ్ళాలి.